హైమవతి తనిఖీ

కాకినాడలో ఇంటర్నెట్ సరఫరా చేసే ఒక చిన్న కంపెనీలో హైమవతి అనే ఇంజినీరు ఉండేది. ఎవరేం చెప్పినా సరిచూడందే ఒప్పుకోదని అందరూ ఆమెది చాదస్తం అనేవారు.

ఇంటర్నెట్‌లో సమాచారాన్ని దారిలో పెట్టే యంత్రం రౌటరు. ఒక కంపెనీ రౌటరు పక్క కంపెనీ రౌటరుకు దారులు చెబుతుంది. "ఫలానా చిరునామాకు నా మీదుగా వెళ్లవచ్చు, తర్వాతి మజిలీ ఇది" అంటుంది. కొందరు విన్నది విన్నట్టు నమ్మేస్తారు. హైమవతి అలా కాదు. ఆ చిరునామాకు దారి చెప్పే హక్కు వాళ్లకుందా, చెప్పిన మజిలీ నిజంగా వాళ్లదేనా అని చూసి, సరిపడనివి తోసిపుచ్చేలా తన రౌటరును అమర్చింది.

పక్క కంపెనీలో పనిచేసే ఫణీంద్ర ఆమెతో కలిసి చదువుకున్నవాడు. తాను పంపిన కొత్త దారులను వెంటనే తీసుకోలేదని ఒకరోజు నొచ్చుకున్నాడు.

"నా మీద కూడా నమ్మకం లేదా, హైమా?" అన్నాడు.

"నీ మీద ఉంది ఫణీ, తొందర మీదే లేదు. తొందరలో నువ్వైనా పొరబడతావు, నేనైనా పొరబడతాను. నేను బయటికి పంపే దారులకూ ఇదే తనిఖీ పెట్టుకున్నాను" అంది.

కార్తీక మాసంలో తుపాను వచ్చింది. తీర గ్రామాలను ఖాళీ చేయిస్తున్న సహాయ కేంద్రానికి హైమవతి కంపెనీ లైనే ఆధారం. ఆ మధ్యాహ్నం గాలికి ఫణీంద్ర వాళ్ల కేబుల్ ఒకటి తెగింది. కంగారుగా దారులు మారుస్తూ అతను ఒక ఆదేశం తప్పు ఇచ్చాడు. దాంతో అతని రౌటరు, ప్రపంచంలోని చిరునామాలన్నిటికీ తానే దారి అని చుట్టుపక్కల రౌటర్లకు చెప్పింది. నమ్మినవాళ్ల రద్దీ అంతా అతని సన్నటి లైను మీద వచ్చి పడింది. ఊళ్లో చాలాచోట్ల నెట్ ఆగిపోయింది.

హైమవతి రౌటరు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. సహాయ కేంద్రం కబుర్లు ఉప్పాడ వైపు పల్లెలకు అందుతూనే ఉన్నాయి. జాలరి కుటుంబాలు పిల్లాజెల్లాతో లారీలెక్కి బయటపడ్డాయి.

ఆమె ఫణీంద్రకు ఫోన్ చేసింది. దెప్పలేదు. "ఇందాక మార్చింది వెనక్కి తీసుకో. నేను లైన్లోనే ఉంటాను" అంది. అతను సరిదిద్దాక నెట్ తిరిగి వచ్చింది.

"ఇవాళ నువ్వు నన్ను నమ్మి ఉంటే, ఆ పల్లెల ఉసురు నాకు తగిలేది" అన్నాడు ఫణీంద్ర.

"గాలి తగ్గాక వస్తాను. నీ రౌటరుకూ తనిఖీ పెడదాం" అంది హైమవతి. అన్నట్టే వెళ్లి, పక్కన కూర్చుని పెట్టించింది.

నీతి: అయినవాళ్ల మాటైనా సరిచూసుకోవడం అవమానించడం కాదు, వాళ్ల పొరపాటు నుంచి వాళ్లనూ, పదిమందినీ కాపాడడం.