మొగ కొట్టిన ఉదయం

పొద్దున్న ఎనిమిది గంటలు. రాత్రి కురిసిన వాన వెలిసి ఎండ కాసింది. ఒకసారి చూసిన చోటును మళ్ళీ చూడనక్కర్లేదనుకునే మా అమ్మాయి రోహిణి, ఉప్పుటేటి ఒడ్డున మా విడిదిలో అతిథుల పిల్లలను నిద్ర లేపుతోంది.

మా తీరం కాలానికొక తీరుగా ఉండేది. కార్తీకంలో తుఫాను ఒడ్డును కోసేది. ఎండాకాలంలో అలలు ఇసుక తెచ్చి ఏటి నోరు మూసేసేవి. తొలకరికి ఏరు నిండి పొలాల్లోకి ఎగదన్నేది. అప్పుడు జాలర్లు పసుపు కుంకుమలు చల్లి, పారలతో ఇసుకకు గండి కొట్టి, నీళ్ళను సముద్రంలోకి వదిలేవారు. దాన్ని మొగ కొట్టడం అంటారు. ఆ రోజు అదే.

"అక్కా, నీళ్ళు నిజంగా దూకుతాయా?" అంది ఆ పిల్లల్లో ఒకతైన తన్వి.

"దూకడమేంటి, గుర్రంలా పరుగెడతాయి. బాగా కనిపించే చోటు నాకు తెలుసు."

ఆ చోటు గండికి అవతలి దిబ్బ. గండి ఇంకా జానెడే ఉంది. తన్వి, దాని తమ్ముడు, ఇద్దరు కవలలు రోహిణి వెంట ఒక్క గెంతులో దాటేశారు.

పార పట్టిన జాలరి గున్నయ్య తలెత్తాడు. "ఏటి రోహిణమ్మా, అటెల్తన్నావు? ఎనకాల దారుందో లేదో సూసుకున్నావేటి?"

"పోయినేడూ అక్కడే నిలబడ్డాం బాబాయ్. సరుగుడు తోటలోంచి ఇంటికొచ్చేశాం. కబుర్లాపి తవ్వు."

"కాలాలు మారతాయి గానీ నీ నోరు మారదు" అని ఆయన నవ్వాడు.

నీళ్ళు కదిలాయి. ముందు సన్నగా, తర్వాత బుసకొడుతూ. చూస్తూండగానే గండి కాలవంత, కాలవ రోడ్డంత అయింది. ఇసుక పెళ్ళలుగా విరిగి పడుతుంటే పిల్లలు గెంతుతూ చప్పట్లు కొట్టారు. ఇవతల ఒడ్డున నేనూ కొట్టాను.

దిబ్బ కరుగుతూ వాళ్ళ కాళ్ళ దగ్గరికి వచ్చింది. రోహిణి వెనక్కి తిరిగింది. తోటకు పోయే ఇసుక దారి లేదు. పోయిన కార్తీకం తుఫాను దాన్ని కోసేసింది. అక్కడ ఏటి నీళ్ళు నిండుగా ఉన్నాయి.

నా చేతులు ఆగిపోయాయి. గున్నయ్య పడవ దగ్గరికి పరుగెత్తాడు. ఆ వడిలో పడవ నిలవలేదు.

"నీళ్ళలోకి దిగేద్దామా అక్కా?" అంది తన్వి.

"ఆగు. చూడనీ" అందట రోహిణి. తర్వాత పిల్లలు చెబితే నేను నమ్మలేదు.

ఏరు సముద్రంలోకి ఖాళీ అవుతున్న కొద్దీ వెనక నీరు తగ్గుతోంది. కొంగలు వచ్చి, లోతు లేని చోట పొట్టలు తడిసేలా వరసగా నిలిచాయి. "వాటి కాళ్ళు బయటపడే దాకా కదలొద్దు" అంది రోహిణి. దిబ్బ చాపంత మిగిలింది. ఎవరూ కదలలేదు. కొంగల కాళ్ళు కనబడ్డాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కొంగలు నిలిచిన చోటే అడుగులేస్తూ దిగారు. నీరు పిల్లల మోకాళ్ళ దాకా వచ్చింది. అంతకు మించలేదు.

తోట చుట్టూ తిరిగి, వంతెన మీదుగా వాళ్ళు వచ్చేసరికి నేను విడిది గేటు దగ్గరున్నాను.

"ఆంటీ, మళ్ళీ మొగ ఎప్పుడు కొడతారు?" అంది తన్వి.

నేను గేటు తీశాను. ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసి లెక్కపెట్టాను. తన్వి. దాని తమ్ముడు. కవలలిద్దరూ. చివర రోహిణి, తల వంచుకుని. ఐదుగురూ వచ్చారు.

నిరుడు చూసిన తీరం ఈ ఏడు ఉండదు. కాలం మారినప్పుడల్లా కొత్తగా చూసుకున్నాకే అడుగు వెయ్యాలి.