మైకు పెట్టెకి అభిషేకం

అనగనగా రోజులే అనుకోండి, కాకపోతే కోటలోకి కరెంటొచ్చింది. తన గొంతు ఊరంతా వినబడాలని రాజుగారు మైకు తెప్పించారు. కోటలో కరెంటు పని చూసే నూకాలు దాని పెట్టె బిగించి మీట నొక్కితే అది గుర్రుమంది.

రాజుగారి వెనకాలే దివాను పేర్రాజు కొబ్బరికాయతో వచ్చాడు. "ముహూర్తం దాటిపోతోంది. మోగుతుండగానే పెట్టె మీద కొబ్బరినీళ్లు పొయ్యాలి."

"నీళ్లు పడితే కరెంటు మనుషుల్ని కొడుతుంది బాబూ," అంది నూకాలు.

"దానికి రాజుగారంటే భయం లేదూ? నోర్ముయ్, కొలువు ఊడుతుంది!"

పెట్టె కాలినా ఊడేది తన కొలువే. నూకాలు చేతులు కట్టుకుంది. "అలాగే బాబూ. అభిషేకమైతే తొలి తీర్థం రాజుగారిదే కదా. పెట్టె మీంచి నీళ్లు కారేటప్పుడు దోసిలి పట్టమనండి."

రాజుగారు చేతులు వెనక్కి దాచుకున్నారు. "దివానూ, ఇవాళ్టికి నువ్వే పుచ్చుకో."

"నాకు జలుబు ప్రభూ!" అన్నాడు దివాను. "పెట్టెకి బొట్టు పెడితే చాల్లెండి."