బురదలో సభ

ఆ రోజుల్లో పాలమెట్ట రాజ్యాన్ని విజయకేతుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గానీ, తన గొప్ప తనకే మహా ముద్దు.

ఊరి సంగతి ఏదైనా ఊరిసభలోనే తేల్చాలని అక్కడి కట్టుబాటు. దండోరా వేయించి ఎవరైనా సభ పిలవచ్చు. "అభ్యంతరం ఉందా?" అని మూడుసార్లు అడగాలి. ఎవరూ పలక్కపోతే అందరూ ఒప్పుకున్నట్టే. సభ ఎక్కడ జరగాలో మాత్రం కట్టుబాటులో లేదు. గాలి బాగా వస్తుందని రాజు తన సభలన్నీ కొండమీది మేడలో పెట్టించేవాడు.

ఒకనాడు పల్లపువాడ కాలువను తన తోటలోని తామరకొలనుకు మళ్ళించాలని సభ పిలిచాడు. నీళ్ళు పోతే ఆ వాడ నాట్లన్నీ ఎండిపోతాయి. పని మానుకుని కొండెక్కే తీరిక ఎవరికీ లేదు. పోలమ్మ అనే ముసలావిడ ఒక్కతే బయల్దేరింది. మోకాళ్ళు మొరాయించి సగం మెట్ల దగ్గరే కూలబడింది.

"వద్దు దొరా! మా నోట్లో మట్టి కొట్టకండి!" అని అక్కణ్ణుంచే అరిచింది.

"సభలో నిలబడి అన్నదే మాట. దారిలో అరుపులు లెక్కలోకి రావు," అన్నాడు రాజు.

మూడుసార్లూ అడిగారు. సభికులు తలలు దించుకున్నారు. విదూషకుడు సింగన కూడా దించుకున్నాడు. ఆ పూట అతనికి అన్నం సహించలేదు.

మర్నాడు సింగనే దండోరా వేయించి సభ పిలిచాడు. రాజు పల్లకి పొలంగట్టు దాకా వచ్చి ఆగిపోయింది. నాటుమడి నడుమ, మోకాలి లోతు బురదలో సింగన నిలబడి ఉన్నాడు. చుట్టూ నారుకట్టలతో పల్లపువాడ జనం.

"కాలువ ఎప్పటిలాగే ఈ మళ్ళకే పారాలి. అభ్యంతరం ఉందా?"

"ఉంది!" అన్నాడు రాజు పల్లకిలోంచి.

"దారిలో ఎవరో అరుస్తున్నారు. లెక్కలోకి రాదు. రెండోసారి అడుగుతున్నా, అభ్యంతరం ఉందా?"

రాజు కోపంతో మడిలోకి దూకాడు. జరీచెప్పులు బురదలో కూరుకుపోయాయి, కాళ్ళు కదల్లేదు. ఎవరో చెయ్యి అందించారు. చూస్తే పోలమ్మ.

"మెల్లగా దొరా. మెట్లకంటే ఇదే నయం, పడినా దెబ్బ తగలదు."

సింగన మూడోసారి అడిగాడు. ఇప్పుడు రాజు సభలోనే ఉన్నాడు, కాదంటే చెల్లుతుంది. కానీ ఆవిడ మొహం చూడలేక తల వంచుకున్నాడు.

"లేదు," అన్నాడు. "సిగ్గుగా ఉందవ్వా. నిన్న నీ కేక నాకు బాగానే వినిపించింది."

కాసేపటికి తన అవతారం చూసుకుని తనే నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి సింగనకు వేయబోయాడు.

"నిన్న మేడలో నేనూ నోరు మెదపలేదు ప్రభూ. పుచ్చుకునే మొహం నాకు లేదు," అంటూ సింగన దాన్ని పోలమ్మ మెడలో వేయించాడు.

అప్పట్నుంచి ఏ వాడ సంగతి ఆ వాడలోనే తేల్చేవారు. ప్రతి సభకూ రాజు వచ్చేవాడు, చెప్పులు చేత్తో పట్టుకుని.