ఊఁ అనని చోట

జగన్నాయకులుగారికి ఒక అలవాటుంది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాం, కూర్చో" అంటారు. ఆ కూర్చోవడం ఒక్కోసారి గంట, ఒక్కోసారి వారం. రిజిస్ట్రారు కచేరీ గోడ పక్కన, రేకుల వసారాలో నలభై ఒక్క ఏళ్ళుగా దస్తావేజులు రాస్తున్న మనిషి. ఆయన రాసిన దస్తావేజు పట్టుకుని కోర్టు మెట్లెక్కినవాడు ఇంతవరకూ లేడని చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పుకుంటారు. ఆ మాట ఆయన ఎదుటే అంటే కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు గాని కాదనరు. గర్వం ఉన్నవాడే, ఉండదగ్గవాడు కూడాను.

ఆయన శిష్యురాలు నీలవేణి ఆ రోజు పొద్దున్నే సెలవు అడగడానికి వచ్చింది. ఒక పూటకో, ఒక రోజుకో కాదు, పూర్తిగానే. డిగ్రీ అయిన దగ్గర్నుంచి ఆరేళ్ళు ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకుంది. ఇప్పుడు చూస్తే ఎదురు గదిలో కంప్యూటరు కేంద్రం వెలిసి ఎనిమిది నెలలైంది. జనం అక్కడికెళ్ళి తమ సంగతి యంత్రానికి నోటితో చెప్పుకుంటారు. టీ చల్లారేలోపు అది దస్తావేజు రాసి చేతిలో పెడుతుంది. వసారాలో గురుశిష్యులిద్దరూ ఈగలు తోలుకుంటున్నారు. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రివాళ్ళు వచ్చిపోయేవాళ్ళ పేర్లు రాసుకునే పని ఇస్తామన్నారు, సాయంత్రంలోగా వచ్చి చేరమన్నారు. పన్నెండింటి బస్సెక్కితే అందుకోవచ్చు. నేర్చుకున్న విద్య వదిలి వెళ్ళడం ఆమెకి ఇష్టం లేదు, కాని ఇంట్లో ఎన్నాళ్ళని ఖాళీగా కూర్చుంటుంది?

"గురువుగారూ, ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను," అంది. "అది నాకన్నా బాగా రాస్తోంది. కోప్పడకండి, మీకన్నా కూడా బాగానే రాస్తోందేమో. ఇక మన పనేమిటండీ?"

"చూద్దాం, కూర్చో," అన్నారాయన.

బస్సు పోతుందేమోనని లోపల్లోపల విసుక్కుంటూనే కూర్చుంది.

పదకొండు దాటాక అసిరమ్మ అనే ముసలామె, ఆమె చెల్లెలి కొడుకు తవిటయ్య వసారాలోకి వచ్చారు. తవిటయ్య ఇల్లు కట్టుకోవడానికి అసిరమ్మ తన భూమిలో రోడ్డు పక్క ముక్క రాసిస్తోంది. దస్తావేజు ఎదురు గదిలో అప్పటికే తయారైంది. అక్కడి కుర్రాళ్ళు అంతా బాగానే ఉంది, వేలిముద్ర వేసెయ్యమన్నారట. ఈవిడ మాత్రం నాయకులు బాబు సదివి ఇనిపిత్తేగాని ఏలు ఎయ్యనని మొండికేసింది. తవిటయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది. కచేరీ లోపల వాళ్ళ నంబరు ఏ క్షణాన్నయినా పిలవచ్చు.

జగన్నాయకులుగారు ఆ కాగితాలు రెండుసార్లు చదువుకున్నారు. "ఎక్కడా వంక పెట్టడానికి లేదు," అని నీలవేణికి అందించారు. "నువ్వు చదివి వినిపించు."

ఆయన దగ్గర దస్తావేజు చదవడానికి ఒక పద్ధతుంది. వాక్యం వాక్యానికీ ఆగాలి, ఇచ్చేవాళ్ళు ఊఁ కొట్టాలి. వాళ్ళు ఊఁ అంటేనే తర్వాతి వాక్యం. కన్ను కాగితం మీద, చెవి మనిషి మీద ఉండాలంటారాయన. పెద్దాయన చాదస్తమని నీలవేణి ఆరేళ్ళుగా నవ్వుకుంటూనే ఉంది. పిల్లల్ని పడుకోబెట్టడానికి కథ చెబుతున్నారా, దస్తావేజు చదువుతున్నారా అని ఒకసారి ఆయన్నే అడిగింది కూడా.

ఈసారి ఆమె తప్పు దొరుకుతుందేమోనని ఆశగా చదివింది. సర్వే నంబరు, కొలతలు, పేర్లు, తండ్రుల పేర్లు అన్నీ చూసింది. ఒక్క తప్పూ లేదు. వాక్యాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. చదువుతున్నకొద్దీ మొహం చిన్నబోయింది.

"రోడ్డు పక్కనున్న నా పన్నెండు సెంట్ల ఖాళీ స్థలమును నీవు ఇల్లు కట్టుకొనుటకు నీకు దానముగా ఇచ్చితిని."

"ఊఁ," అంది అసిరమ్మ.

"తూర్పు హద్దు, పంచాయతీ రోడ్డు."

"ఊఁ."

"ఉత్తరం, కొండ నీళ్ళు పారే గెడ్డ. దక్షిణం గొర్లె సూర్యనారాయణగారి జీడితోట."

"ఊఁ."

"పడమర, నాకు మిగిలిన భూమి, అందులో నేను నివసించుచున్న ఇల్లు."

అసిరమ్మ ఏమీ అనలేదు.

నీలవేణి నోరు తర్వాతి వాక్యం అందుకోబోయి దానంతటదే ఆగిపోయింది. ఎందుకాగిందో ఆమెకే తెలీదు. తలెత్తి చూసింది. అసిరమ్మ రోడ్డు వైపు చూస్తోంది.

"ఏటీ నేదమ్మా, సదువు," అంది అసిరమ్మ.

"సదివేయండమ్మా, మా నంబరు పిలిచేత్తారు," అన్నాడు తవిటయ్య.

నీలవేణి గురువుగారి వంక చూసింది. ఆయన తనకేం సంబంధం లేనట్టు కలం మూత బిగిస్తున్నారు. ఆమె పడమర హద్దు మళ్ళీ చదివింది. మళ్ళీ ఊఁ రాలేదు. అప్పుడు కాగితం ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"మామ్మా, మీ ఇంటి నుంచి రోడ్డు మీదకి ఎలా వస్తారు?"

"ఈడికిత్తన్న జాగాలోంచేనమ్మా. ఇంకేటి దారుంది? అటు గెడ్డ, ఇటు ఆళ్ళ తోట, ఎనకాల కొండ."

తవిటయ్య నొచ్చుకున్నాడు. "అదేటి పెద్దమ్మా? నా గుమ్మం ముందునుంచి నువ్వెల్తే నానొద్దంతానా?"

"నువ్వనవురా. రేపు నువ్వమ్ముకుంటే కొన్నోడేటంతాడో?"

"మరి ఎదరగదిలో సెప్పలేదేటి?"

"అదడగనేదురా. నాకూ ఇప్పుడీయమ్మ సదువుతుంటే ఇన్నాకే తట్టింది."

తవిటయ్య చెడ్డవాడు కాడు. పునాది, గోడలు, గడప అని నెలల తరబడి లెక్కలు వేసుకున్నవాడికి పెద్దమ్మ నడిచే బాట తట్టకపోవడంలో వింతేమీ లేదు. చివరికి అతనే అన్నాడు. "దక్షిణం పక్క బండి పట్టేంత దారి వదిలినట్టు రాయండమ్మా. పెద్దమ్మకే కాదు, ఆవిడ తరవాత ఆ జాగా ఎవరిదైతే ఆళ్ళక్కూడాను."

నీలవేణి లేచి ఎదురు గదిలోకి వెళ్ళింది. దారి ఎటు నుంచి ఎటు, ఎంత వెడల్పు, ఎవరెవరికి, ఎన్నాళ్ళు అన్నీ యంత్రానికి చెప్పింది. అర నిమిషంలో అది రాసిచ్చింది. తనైతే అరగంట పట్టేది, అంత పొందిగ్గానూ వచ్చేది కాదు. అయినా ఈసారి ఆమెకి చిన్నతనం అనిపించలేదు. ఎప్పుడూ లేనంత గర్వంగా ఉంది. ఆరేళ్ళుగా తను నేర్చుకున్నది ఏమిటో ఇప్పుడిప్పుడే తెలుస్తున్నట్టుంది. వసారా మెట్లు గబగబా ఎక్కి మళ్ళీ మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది. లోపల వాళ్ళ నంబరు పిలిచినా తవిటయ్య కదల్లేదు, తర్వాతి వాళ్ళని వెళ్ళమన్నాడు. మధ్యలో పన్నెండింటి బస్సు వెళ్ళిపోయింది. అది వెళ్ళిన సంగతి ఆమె చాలాసేపటిగ్గాని గమనించలేదు.

దారి సంగతి వచ్చేసరికి అసిరమ్మ ఊఁ ఎంత గట్టిగా అందంటే, టీ బడ్డీ దగ్గర నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగి చూశారు. ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు. చివరికి వచ్చింది.

"ఈ దస్తావేజును చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని, నా ఇష్టపూర్వకముగా వేలిముద్ర వేసితిని."

"ఊఁ," అని అసిరమ్మ బొటనవేలు ముందుకు చాపింది.

వేలిముద్ర పడింది, సాక్షుల సంతకాలు అయ్యాయి. అన్నిటికన్నా అడుగున, దస్తావేజు రాసినవాళ్ళు తమ పేరు పెట్టే చోట, "దస్తూరి" అని ఉండి పక్కన ఖాళీగా ఉంది. జగన్నాయకులుగారు తన కలం మూత తీసి నీలవేణి ముందుకు జరిపారు. నలభై ఒక్క ఏళ్ళలో ఆ కలం ఇంకొకరి చేతికివ్వడం ఎవరూ చూడలేదు. నీలవేణి దాన్ని ముట్టుకోలేదు.

"సెలవడగడానికి వచ్చినదాన్ని, నా పేరెందుకండీ? పైగా ఈ దస్తూరి నాది కాదు. రాసింది యంత్రం."

ఆయన వేలు ఆ చివరి వాక్యం కింద ఆనించారు.

"ఈ వాక్యం కూడా అదే రాసింది, పొద్దున్న. అప్పటికి ఒకరు చదవనూ లేదు, ఆవిడ విననూ లేదు. దాన్ని నిజం చేసినవాళ్ళ పేరు పెట్టమ్మా అక్కడ."