గౌరికి పెట్టిన అన్నం ముద్దలు

శుభకృతు నామ సంవత్సరం, ఆషాఢ బహుళ పాడ్యమి, శనివారం. తెల్లవారుతూనే ఒక జల్లు పడి ఆగిపోయింది. ఆ తర్వాత గాలి లేదు. సరస్సులో జమ్ము ఆకు కదల్లేదు, దోమలు మాత్రం కదిలాయి.

అనగనగా అనగానే ఎప్పుడని పిల్లలు అడుగుతారు గనుక ముందే చెప్పేశాను. ఎక్కడంటే జమ్ముదిబ్బ అనే ఊళ్లో. చుట్టూ నీళ్లు, నడుమ దిబ్బ. ఆ దేశానికి ఒక రాజుగారు కూడా ఉన్నారు కానీ ఆయనకు ఈ కథలో పని లేదు.

ఆ దిబ్బ మీద ఆదెమ్మ అనే ముసలావిడ ఉండేది. ఆవిడకు ఎనిమిది వందల బాతులు, ఒక తాటిదోనె, గౌరి అనే కుక్క ఉండేవి. బాతుల్ని మనిషి తోలితే నాలుగు దిక్కులకూ పోతాయి. గౌరి తోలితే గట్టు వెంట వరసగా నడిచేవి. బడి వదిలిన పిల్లల్లా కాదు, పంతులుగారు వెనక వస్తున్న పిల్లల్లా.

ఆ శనివారం పొద్దున గౌరి చనిపోయింది.

అంతకు ముందు నెల రోజులుగా దగ్గుతూనే ఉంది. జమ్ముదిబ్బలో మనిషి దగ్గినా కుక్క దగ్గినా గొంతులో చేపముల్లు ఇరుక్కుందనే అనుకుంటారు. పూటపూటా చేపలు తినే ఊరు మరి. విరుగుడు చంటిపిల్లలకు కూడా తెలుసు. చద్దన్నం ముద్ద చేసి, నమలకుండా మింగించాలి. ముద్దతో పాటు ముల్లు దిగిపోతుంది. ఏ చేపకు ముళ్లెక్కువ, ఏ చేపకు తక్కువ అనే చర్చ ఆ ఊళ్లో మొదలైతే పొద్దు గూకినా తెమలదు కనుక దాన్నక్కడే వదిలేద్దాం. ఆదెమ్మ రోజుకొకటి చొప్పున ముప్పై ముద్దలు తన చేత్తో గౌరికి పెట్టింది. ముప్పయ్యో ముద్దను గౌరి మింగలేదు. వాసన చూసి, ఆవిడ వేళ్లు నాకి, తల వాల్చేసింది.

రాజుగారి పశువైద్యులు మస్తానయ్య గారు అవతలి ఊరి ఎడ్లను చూడటానికి పోతూ, ఆ పూట రేవులో దోనె కోసం ఆగారు. ఏడుపు విని వచ్చారు. కుక్కను కోసి చూస్తానంటే ఊరివాళ్లు ముఖాలు చిట్లించారు. ఆదెమ్మ చూడమంది.

గొంతులో ముల్లు లేదు. గుండెను తెరిస్తే లోపల తెల్లటి పురుగులు, జానెడేసి పొడవున, ఉడికిన సేమ్యాలా చుట్టలు చుట్టుకుని ఉన్నాయి.

ఆదెమ్మ చాలాసేపు తన వేళ్లకేసి చూసుకుంది.

ఇది దోమ తెచ్చే రోగమని మస్తానయ్య గారు విప్పి చెప్పారు. రోగమున్న కుక్కను కుట్టిన దోమ నెత్తుటితో పాటు కంటికి ఆనని పిల్లపురుగుల్ని తాగుతుంది. కొన్నాళ్లకు ఇంకో కుక్కను కుట్టి అక్కడ వదిలిపెడుతుంది. అవి ఆరు నెలలు ఒంట్లో ప్రయాణం చేసి, గుండె చేరి కాపురం పెడతాయి. అన్నాళ్లూ కుక్క తింటుంది, ఆడుతుంది, తోక ఊపుతుంది. దగ్గు వచ్చేసరికి ఇల్లు నిండిపోయి ఉంటుంది. కుక్కకు బొచ్చుందిగా, దోమేం చేస్తుందని ఒక పెద్దమనిషి అడిగాడు. ముక్కు మీద కూడా ఉందా అని ఆయన తిరిగి అడిగారు. పెద్దమనిషి తన ముక్కు తడుముకున్నాడు. నిజమే, ఆ ఊళ్లో పొద్దు వాలగానే వేపాకు పొగ వేసేవారు. మనుషులు పొగలో, బాతులు పొగలో. కాపలా కుక్క మాత్రం జమ్ములో పడుకునేది.

గౌరికి ఏడాది దాటిన పిల్లలు మూడున్నాయి. ఆదెమ్మకు పిల్లలు లేరు, తమ్ముడి పిల్లలే ముగ్గురు. వాళ్లకు తలా ఒక కుక్కను ఇచ్చింది. పులి పెద్దవాడు నాంచారయ్యది. బాణం రెండోవాడు ఏడుకొండలుది. సిరి వాళ్ల చెల్లెలు తాయారుది.

మస్తానయ్య గారు ఆ ముగ్గురినీ కూర్చోబెట్టారు.

"మూడు మాటలు గుర్తుంచుకోండి. ముందు నెత్తురు చూపించండి. శుభ్రంగా ఉంటే పున్నమి పున్నమికీ ఒక మాత్ర వెయ్యండి, ఒక్కటి కూడా తప్పకూడదు. ఏడాది తిరగ్గానే మళ్లీ నెత్తురు చూపించండి. మాత్ర పిల్లపురుగులనే ఆపుతుంది. గుండెలో కాపురమున్న వాటిని కదపలేదు."

నాంచారయ్య పులి తొడలు తట్టి, దీనికి రోగమొస్తే ముందు నాకొస్తుందని నవ్వి లేచిపోయాడు. ఏడుకొండలు కాస్త మెత్తని మనిషి. మాత్రలు చాలు, నెత్తురు తీస్తే బలం పోతుందని బతిమాలి మాత్రలు పట్టుకుపోయాడు. దొంగ లోపలున్నాడో లేడో చూడకుండా తాళం వేస్తున్నావయ్యా అని వైద్యులు వెనకనుంచి అంటూనే ఉన్నారు.

తాయారు ఒక్కతే సిరి ముందుకాలు పట్టుకుని కూర్చుంది. ఒక చుక్క తీశారు. భూతద్దం కింద పెట్టి మస్తానయ్య గారు చూశారు. ఎంతకీ తల ఎత్తలేదు. వైద్యులు ఎంతకీ తల ఎత్తకపోతే మంచి మాట వినబడదు. చివరికి తాయారును కూడా చూడమన్నారు. చుక్కలో వెంట్రుకల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి.

వైద్యం ఉంది. కానీ ఆరు నెలలు పడుతుంది. అన్నాళ్లూ కుక్క పరుగెత్తకూడదు. చచ్చిన పురుగులు ముక్కలై ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పరుగెత్తిందంటే అక్కడ అడ్డం పడి ప్రాణం తీస్తాయి.

తాయారు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. ఎందుకో చెప్పాలంటే ఆ ఊరి ఆచారం చెప్పాలి. మంద యజమాని ముసలిదైతే, వచ్చే కార్తీక పున్నమికి వారసుల కుక్కలకు పందెం పెడతారు. తలా వంద బాతులిస్తారు. ఏ కుక్క ముందుగా వాటిని గట్టు వెంట దిబ్బ చుట్టూ తిప్పి ఇల్లు చేరుస్తుందో, మంద మొత్తం దాని యజమానిది. ఆదెమ్మకు మంద వచ్చిందీ అలాగే, గౌరి ముత్తవ్వ పరుగు మీద. ఆ ఏటి కార్తీకానికే ఆవిడ పందెం చాటించింది.

అన్నలకు పొలాలున్నాయి. తాయారుకు ఆ బాతులు తప్ప ఏమీ లేవు. పదేళ్లుగా మేపింది తనే. మంద పోతే ఊళ్లవాళ్ల చేలల్లో నాట్లకు పోవాలి. కార్తీక పున్నమి నాలుగు నెలల్లో ఉంది.

ఆమె ముందు మేనత్త దగ్గరికి పోయి సంగతి చెప్పింది. అయ్యో అంది ఆదెమ్మ, కానీ ఆచారం తన చేతిలో లేదంది. తర్వాత అన్నల దగ్గరికి పోయింది.

"అన్నా, మూడూ ఒక్క ఈత పిల్లలు. ఒక్క జమ్ములో పడుకున్నవి. మీవి కూడా చూపించండి."

"నీది చతికిలపడింది గనక మావీ చతికిలపడాలంటావా?" అన్నాడు నాంచారయ్య. "తెలివి బాగానే ఉందే."

ఏడుకొండలు కూడా మనసులో అదే అనుకున్నాడు.

తాయారు సిరిని గుంజకు పొట్టి తాడుతో కట్టి, పక్కనే మంచం వేసుకుని, దోమతెర తనకు కాకుండా కుక్కకు కట్టింది. ఊరు నవ్వింది. తాయారు కుక్క కాపరానికొచ్చిన కొత్తకోడలు, గడప దాటదు అన్నారు. శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం గడిచాయి.

కార్తీక పున్నమి పొద్దున బాతుల్ని విడదీశారు. బాతుల అరుపు వినగానే సిరి తాడును లాగింది.

"అక్కా, ఒక్క పరుగు. అమ్మ పరిగెత్తిన గట్టే కదా. నేను లేకపోతే మంద పోతుంది" అంది. ఆ రోజుల్లో కుక్కలు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయి గానీ వినే తీరిక మనకు లేదు.

తాయారు తాడును మణికట్టుకు ఇంకో చుట్టు చుట్టుకుంది.

"పోతే పోనీవే. మంద కోసం నిన్ను చంపుకున్నానని ఆ బాతుల ముఖం నేనెలా చూడను?"

పందెం మొదలైంది. పులి అందరికంటే ముందు పోయింది. ఉత్తరపు గట్టు సగం దాటేసరికి దాని కాళ్లు తడబడ్డాయి. ఒకసారి దగ్గి, పక్కకు ఒరిగి, ఊపిరందక అక్కడే పడిపోయింది. దాని బాతులు చెదిరిపోయాయి. నాంచారయ్య గట్టు మీద పరుగెత్తి, కుక్కను రెండు చేతుల మీదా ఎత్తుకుని, ఎవరి వంకా చూడకుండా నడిచి వచ్చాడు. ఆ మనిషి నవ్వు అంతకు ముందు అందరూ విన్నారు. ఏడుపు ఆ రోజే విన్నారు.

బాణం వంద బాతుల్నీ ఇల్లు చేర్చింది. ఏడుకొండలు గెలిచాడు. ఊరు డప్పు కొట్టబోయింది. బాణం ఆదెమ్మ కాళ్ల దగ్గర నిలబడి, మెడ చాచి దగ్గింది. మళ్లీ దగ్గింది.

"ముల్లు ఇరుక్కున్నట్టుంది అత్తా. ఒక ముద్ద ఇలా పట్టుకురా" అన్నాడు ఏడుకొండలు, అలవాటు కొద్దీ.

ఆదెమ్మ కూడా అలవాటు కొద్దీ లోపలికి పోయి, చద్దన్నం ముద్ద చేసి తెచ్చింది. కుక్క నోటి దాకా తెచ్చింది. బాణం ఆ ముద్దను వాసన చూసి, ఆవిడ వేళ్లు నాకింది.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ముద్ద నేల మీద పడింది.

"ఆపండ్రా డప్పు" అంది. "ఇలాంటి ముద్దలు నేను ముప్పై పెట్టాను. ముల్లు లేదని నా కళ్లతో చూశాక కూడా ముప్పై ఒకటోది చేసుకొచ్చాను. అమ్మాయి వచ్చి చెబితే ఆచారం అన్నాను. చూపించుకున్నదాన్ని ఓడించి, చూపించుకోనివాళ్లని గెలిపించే పందెం నేను పెట్టాను. ఈ పందెం చెల్లదు. మాట తప్పిందంటారా, అనండి."

పెద్దలు గొణిగారు. అప్పుడు ఏడుకొండలే ముందుకొచ్చి, అత్త మాటే నా మాట, ముందు వైద్యుల కోసం దోనె పంపండి అన్నాడు. అంతటి గెలుపును ఒక దగ్గుకు వదులుకున్నాడు. అందుకే మెత్తని మనిషని ముందే చెప్పాను.

మస్తానయ్య గారు వచ్చి రెండు కుక్కల నెత్తురూ చూశారు. రెండింటిలోనూ ఉన్నాయి. బాణాన్ని సిరి పక్క గుంజకే కట్టారు. తాయారు రెండో దోమతెర కుట్టింది. పులి కోసం నాంచారయ్య నిద్రాహారాలు మాని కూర్చున్నాడు, కానీ అది పుష్యమాసం చూడలేదు. తాయారు వెళ్లి అన్న పక్కన ఊరికే కూర్చుంది. నేను చెప్పానుగా అనలేదు.

ఆరు నెలలు గడిచాక పుష్యంలో సిరి తాడు, వేసవిలో బాణం తాడు విప్పారు. మరుసటి ఆషాఢంలో మళ్లీ చుక్క తీసి చూస్తే రెండింటి నెత్తురూ శుభ్రంగా ఉంది. ఊళ్లో కుక్కలన్నిటికీ పున్నమి మాత్ర వచ్చింది. జమ్ములో పడుకునే కుక్కలు పొగలోకి వచ్చాయి.

ఆదెమ్మ ఇంకో ఆరేళ్లు బతికింది. పోయేముందు పంచింది. ఎనిమిది వందల బాతులూ తాయారుకు వచ్చాయి. తాటిదోనె ఏడుకొండలుకు వచ్చింది, ఇకమీద ఊళ్లో ఏ జంతువు దగ్గినా వైద్యుల్ని తీసుకురావడానికి. నాంచారయ్యకు ఏమీ రాలేదు. అతను అడగనూ లేదు, తాయారు దగ్గర సిరి పిల్లనొకదాన్ని తప్ప. దాన్ని ఎత్తుకుని ఇంటికి పోలేదు, తిన్నగా రేవుకు పోయాడు, నెత్తురు చూపించడానికి.

గుండెలో ఉన్నది పైకి కనబడదు. బాగున్నప్పుడే చూపించుకున్నవాడు బతుకుతాడు, దగ్గు దాకా ఆగినవాడికి ముద్దే మిగులుతుంది.