ఖాళీ లేని పంజరం

అనకాపల్లి బైపాసు పక్కన గవర్రాజు, అప్పలకొండ అనే అన్నదమ్ములకి వెల్డింగు షాపుంది. చెప్పింది చెప్పినట్టు చేసే తెలివి ఈ జిల్లా మొత్తంలో తమకే ఉందని ఇద్దరికీ మహా గొప్ప. బోర్డు మీద కూడా అదే రాయించుకున్నారు.

ఓ సోమవారం పద్మలత తన జీపు తెచ్చి వీళ్ళకి అప్పగించింది. ఆదివారం బురదలో జీపుల పందెం. బండి పల్టీ కొట్టినా తల పగలకుండా లోపల ఇనప గొట్టాల పంజరం బిగిస్తేనే పంపిస్తానని వాళ్ళమ్మ ఒట్టు పెట్టుకుంది. మూడేళ్ళుగా ఆ పందెం కోసమే కలలు కంటోంది పిల్ల. పాపం, వీళ్ళని నమ్మింది.

"గొట్టం మీద గొట్టం కూర్చోవాలంటే చివర తిన్నగా ఉంటే అతకదు. చేప నోరులా కొయ్యండి," అని చెప్పి వెళ్ళింది.

అంతే! అప్పలకొండ సైకిలేసుకుని బజారుకెళ్ళి ఓ కొర్రమీను తెచ్చాడు. బల్ల మీద పెట్టి ఇద్దరూ వంగి చూశారు.

"అన్నియ్యా, దీని నోరు మూసుకుని ఉందేటి?"

"అయితే గొట్టం కూడా మూసీరా!"

ఇంకేముంది, గొట్టాల చివర్లు సుత్తితో బాది మూసేశారు. కొర్రమీను పులుసు మాత్రం బాగా కుదిరింది.

మర్నాడు పద్మలత వచ్చి తల పట్టుకుంది. కొత్త గొట్టాలు తెప్పించింది. కాగితం మీద వంపు గీసిచ్చి, "దీన్ని గొట్టానికి చుట్టి, గీత వెంట కొయ్యండి," అంది. చుట్టారు. గీత వెంట కోశారు కూడా, కత్తెరతో, కాగితాన్ని! గొట్టం మీద గీతైనా పడలేదు.

ఇక లాభం లేదని ఆమే గ్రైండరు పట్టుకుని ఒక చివర వంపుగా కోసి చూపించింది. "ఇలా కోసి ఆనించండి. ఖాళీ కనిపిస్తే ఇంకాస్త కొయ్యండి. పంజరానికీ జీపుకీ మధ్య కూడా ఖాళీ ఉండకూడదు. తెలిసిందా?"

"అంత ఇదిగా చెప్పాలా మేడం, మాకు తెలీదేటి!" అన్నాడు గవర్రాజు.

గొట్టం ఆనించారు. కాస్త ఖాళీ. కోశారు. ఇంకా ఖాళీ.

"అన్నియ్యా, కోసినకొద్దీ ఖాళీ పెరిగిపోతంది!"

"చాల్లేదన్నమాట. ఇంకా కొయ్యి!"

కోసి కోసి, శుక్రవారానికి కోళ్ళగూడంత పంజరం తేలింది. జీపులో పెడితే చుట్టూ బోలెడు ఖాళీ.

"గొట్టాలు ఇంక కొయ్యడానికి లేవన్నియ్యా."

"జీపుంది కదరా!"

శనివారం పద్మలత వచ్చేసరికి జీపు తోపుడుబండంత అయింది. మధ్యలో పంజరం బిగుతుగా కూర్చుంది.

"చిటికెన వేలు కూడా దూరదు మేడం, చూసుకోండి!"

"అయ్యో, నా జీపు! ఇందులో నేనెలా పడతాను?" అంటూ పిల్ల బావురుమంది.

అన్నదమ్ములకి జాలేసింది.

"ఊరుకోమ్మా, పందెం రేపు కదా," అని గవర్రాజు ఆమెని కిందనుంచి పైదాకా చూశాడు. "మూరెడే ఎక్కువైంది. ఒరే కొండా, మేడం మోకాళ్ళ దగ్గర సుద్దముక్కతో గుర్తెట్టు!"

అప్పలకొండ ఒక కాలికి టేపు పెట్టి గుర్తు గీశాడో లేదో, పద్మలత ఒక్క గెంతులో రోడ్డెక్కి పరుగు లంకించుకుంది. "మేడం, ఆగండి! రెండోకాలు కొలవలేదు!" అని టేపు పట్టుకుని ఇద్దరూ వెంటపడ్డారు.