విప్పరాని ముడి

నల్లవాగు ఒడ్డున వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాళ్ల గూళ్లే. లోకంలో ప్రతి పిట్టా గూడు కట్టుకుంటుంది, కాదనను. కానీ మా వాగు గిజిగాడు కట్టినట్టు కట్టమనండి చూద్దాం! పోయిన తుఫానుకు తుమ్మకొమ్మే విరిగి నీళ్లలో పడింది గానీ, దానికి వేసిన గూటి ముడి మాత్రం ఊడలేదు.

గిజిగాళ్లలో ఒక కట్టుబాటుంది. మగపిట్ట సగం గూడు అల్లాక ఆడపిట్ట వచ్చి లోపలా బయటా చూస్తుంది. నచ్చితే కాపురానికి వస్తుంది. నచ్చకపోతే ఆ గూటిని అల్లినవాడే తన ముక్కుతో పోగు పోగూ విప్పేయాలి. అందుకే వాళ్లు వేసే ప్రతి ముడికీ లాగితే ఊడే పోగు ఒకటి బయటికి వదులుతారు.

ఒక పొద్దున నక్క వచ్చి చెట్టు కింద చతికిలబడింది.

“అల్లుడూ! ఏం పనితనమయ్యా నీది! మనుషుల తాళ్లు కూడా నీ ముడి ముందు దిగదుడుపే.”

“తెలిసిన సంగతేగా మామా,” అన్నాడు గిజిగాడు రెక్కలు సర్దుకుంటూ.

“కాకపోతే ఒక్క లోటు. నీ ముడి విప్పితే ఊడుతుంది. లాగేకొద్దీ బిగిసేది, ఎవరికీ ఊడనిది వెయ్యడం నీ వల్ల కాదేమోలే.”

“నా వల్ల కాదా?”

“నా బొరియ మీది కంప గాలికి ఎగిరిపోతోంది, కట్టుకుందామని అడిగాను. పోనీలే, ఆ సాలీడును అడుగుతాను.”

సాలీడు పేరెత్తేసరికి గిజిగాడికి ఒళ్లు మండింది. అసలే పిట్ట, మునగచెట్టు ఎక్కించడం ఎంతసేపు? కంప కట్టే తాడుకు లాగేకొద్దీ బిగిసే ఉరి ఎందుకు మామా అని అడగాల్సింది. అడగలేదు. మూడు రోజులు తిండి కూడా మరిచి, ఈతాకులు చీల్చి ఏడు తాళ్లు అల్లి, ఒక్కోదానికీ ఆ ముడి వేశాడు. ఊడదీసే పోగును ఎవరి కంటా పడకుండా అల్లికలోకి మడిచేశాడు. నక్క వాటిని నోట కరుచుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

మర్నాడు గిజిగాడి పెళ్లాం రొప్పుతూ వచ్చి వాలింది.

“ఏమయ్యా, జొన్నచేను గట్టున కౌజుపిట్ట వదిన ఉరిలో ఇరుక్కుంది! పిల్లలు ఐదూ చుట్టూ తిరిగి ఏడుస్తున్నాయి. ఎండ ఎక్కగానే నక్క వస్తుందట. ఆ తాడు నీ చేతిదే, నేను గుర్తుపట్టాను.”

గిజిగాడి మొహం మాడిపోయింది. అయినా బింకం వదల్లేదు. “నేను ముడి వేశాను. ఉరి పెట్టింది నక్క. కత్తి చేసిన పాపానికి కమ్మరిని శిక్షిస్తారా?”

“నేను వద్దన్న నీ పాత గూళ్లు రెండూ ఎవరు విప్పారు?”

“నేనే.”

“నీకేం పని? వద్దన్నది నేను కదా?”

“వదిలేస్తే ఎప్పుడో తెగి ఎవరి నెత్తినో పడుతుంది. అల్లినవాడే...” అంటూ ఆగిపోయాడు గిజిగాడు. వెంటనే జొన్నచేను వైపు ఎగిరాడు.

కౌజు కాలు వాచిపోయి ఉంది. “అన్నా, ఎంత లాగితే అంత బిగుస్తోందే!”

“లాగకు చెల్లీ. తాడు కట్టిన మేకు వైపే నడు. ఆ, అంతే.” ముడి కాస్త వదులైంది. గిజిగాడు అల్లికలోకి ముక్కు దూర్చి, తాను దాచిన పోగును తానే వెతికి పట్టి లాగాడు. ముడి ఊడింది. కౌజు కుంటుకుంటూ పిల్లల్ని తోలుకుని చేలో దూరింది.

గిజిగాడు ఉరిని మళ్లీ సరిచేసి, మేకు మీద దిగాలుగా కూర్చున్నాడు. నక్క రానే వచ్చింది.

“ఏదిరా నా కౌజు?”

“నీ మాటే నిజమైంది మామా. నాకు ముడి వెయ్యడం చేతకాదు. పిట్ట కాలికే ఆగలేదు. నీలాంటి బలశాలి కాలు పెట్టి ఒక్క గుంజు గుంజితే పుటుక్కున తెగుతుంది.”

“నా బలం ముందు నీ గడ్డిపోచలెంతరా!” అని నక్క వెనక్కాలు ఉరిలో పెట్టి గుంజింది. మునగచెట్టు ఈసారి నక్క ఎక్కింది. ఎంత గుంజితే అంత బిగిసింది.

“అల్లుడూ! చచ్చిపోతానురా, విప్పు!”

“మిగతా ఆరూ ఎక్కడ పెట్టావో చెప్పు.”

నక్క కక్కక తప్పలేదు. గిజిగాడు ఆ ఆరింటినీ వెతికి ముక్కలు చేశాడు. మళ్లీ ఎవరైనా ఇలాంటి ఉరి పన్నినా తప్పించుకునేలా, దారిలో కనబడిన కుందేలుకూ, కంజుపిట్టకూ, ముంగిసకూ కిటుకు నేర్పాడు: “లాగొద్దు, మేకు వైపు నడవాలి. మడిచిన పోగు ఇదిగో ఇక్కడుంటుంది.” దాంతో అడవంతా వాడి వెంట గట్టు మీదికి వచ్చింది.

“ఇక నక్కను అలాగే వదిలెయ్. పీడ పోతుంది,” అంది పెళ్లాం.

“కౌజు చచ్చినా నక్క చచ్చినా, చంపింది నా ముడే అవుతుంది,” అన్నాడు గిజిగాడు. అందరూ చూస్తుండగా, నక్క నోటికి అందకుండా తోక వైపు నుంచి వెళ్లి ముడి విప్పాడు. రొమ్ము అంత విరుచుకుని నిలబడ్డ పిట్టను నేనెక్కడా చూడలేదు. నక్క తల వంచుకుని, కాలీడ్చుకుంటూ వాగు దాటింది. మళ్లీ ఇటు రాలేదు.

ఇప్పటికీ కొత్త పిట్టలు వచ్చి, “విప్పరాని ముడి వేసింది ఎవరు?” అని అడిగితే, గిజిగాడు “నేనే” అంటాడు. “విప్పింది ఎవరు?” అంటే మాత్రం వాగు అవతలి దాకా వినబడేలా “అదీ నేనే!” అంటాడు.

చేసే నేర్పు ఉన్నవాడికి, చేసినదాని పూచీ మొయ్యడమే అసలైన గొప్ప.